పదమూడు గళ్ల మాట

పనులు మానుకుని, మనమంతా మావయ్య అని పిలుచుకున్న మనిషి కోసం వచ్చిన మీ అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న అత్తయ్యకు, వాళ్లమ్మాయికి, మన రేడియో క్లబ్బు మిత్రులకు, మావయ్య గడియారాల దుకాణం పక్కనే ముప్పై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన దర్జీ పెద్దాయనకు, మెట్లెక్కలేక కింద వరండాలో కూర్చుని స్పీకర్లో వింటున్నవాళ్లకు కూడా నమస్కారం. గదిలో ఉన్నవి నలభై కుర్చీలే. గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్లు మమ్మల్ని క్షమించాలి. మన క్లబ్బు సమావేశానికి ఏనాడూ పన్నెండు మందికి మించి రాలేదు. ఇంతమందిని చూసి ఉంటే మావయ్య ముందు గోడ గడియారం చూసేవారు. తర్వాత ఆలస్యంగా వచ్చినవాళ్ల వైపు చూసేవారు. ఆ చూపు దెబ్బ తిన్నవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు.

తొమ్మిది రోజుల కిందట, బుధవారం పొద్దున, నిద్రలోనే ఆయన వెళ్లిపోయారు. ఆరున్నరకు రేడియోలో రావలసిన మనిషి రాలేదు. వాళ్ల వీధిలో కరెంటు పోయిందేమో అనుకున్నాను. బూట్లు వేసుకుని పనికి పోయాను. పదకొండు గంటలకు ఓ లిఫ్టు కింద గుంటలో గ్రీజు చేతులతో ఉండగా ఫోన్ మోగింది.

మిత్రులారా, నన్ను మాట్లాడమన్నది నేను ఆయన శిష్యుణ్ణని. పదహారేళ్లు ఆయన దగ్గర నేర్చుకున్నాను. నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపోతానని మన కార్యదర్శిగారు అనుకుంటున్నారు. మంచి మాటలు చెబుతాను. కానీ ఈ మైకు ముందు చెప్పుకోవాల్సిన తప్పు కూడా ఒకటుంది. అది చెప్పకుండా దిగితే ఇంటికి వెళ్లి ముద్ద మింగలేను.

మన సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మేం హామ్ రేడియోవాళ్లం. ఇంట్లో ఒక రేడియో పెట్టె, డాబా మీద ఒక వైరు, అంతే మా ఆస్తి. దాంతో దేశాలు దాటి మాట్లాడతాం. కొందరు నోటితో మాట్లాడతారు, కొందరు మోర్స్ మీట నొక్కి చుక్కలు, గీతలుగా మాట పంపుతారు. ఇంకొందరు రేడియోకు కంప్యూటర్ తగిలిస్తారు. కంప్యూటర్ మన అక్షరాలను సన్నని కూతలుగా మార్చి పంపుతుంది, అవతలి కంప్యూటర్ ఆ కూతలను మళ్లీ అక్షరాలు చేస్తుంది. ఆ కూతలు కట్టే పద్ధతిని మోడ్ అంటాం. ఇలాంటివి పదుల కొద్దీ ఉన్నాయి. ఒకటి వేగంగా పోతుంది. ఒకటి నత్తలా పోయినా తప్పు లేకుండా పోతుంది. ఒకటి ఎంతసేపు టైపు చేస్తే అంతసేపు కబుర్లు మోస్తుంది. రెండు చివరలా ఒకే మోడ్ ఉండాలి. అది మాత్రం గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఆ మాటకు వస్తాను.

పదహారేళ్ల కిందట మొదటిసారి మావయ్య దుకాణానికి వెళ్లినప్పుడు నా చేతిలో పెద్ద జాబితా ఉంది. ఇరవై మూడు మోడ్‌ల పేర్లు. ఏది అన్నిటికన్నా గొప్పదో చెప్పమన్నాను. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని ఎవరిదో ఆడవాళ్ల చేతి గడియారం విప్పుతున్నారు. తలెత్తలేదు. "ఎవరితో మాట్లాడాలి? ఏం చెప్పాలి?" అన్నారు. నేను జాబితానే మళ్లీ ఆయన ముందుకు జరిపాను. "వారం రోజులు ఆలోచించుకుని రా" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. లిఫ్టు మెకానిక్‌ని, తీగలూ మోటార్లూ తెలిసినవాణ్ణి, నన్నేదో బడిపిల్లాణ్ణి పంపినట్టు పంపేస్తారా అని దారంతా గొణుక్కున్నాను.

కానీ ఆలోచించాను. మా అన్నయ్య అప్పట్లో దీపస్తంభంలో పని చేసేవాడు. నెలల తరబడి సముద్రమే లోకం. వాడికీ రేడియో పిచ్చి ఉంది. చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకుని తెల్లారేదాకా చెప్పుకున్న కబుర్లు ఎప్పుడో ఆగిపోయాయి. వారం తర్వాత వెళ్లి, మా అన్నయ్యతో అని చెప్పాను. ఏం చెప్పాలో తెలియదు, ఊరికే కబుర్లు అన్నాను. అప్పుడు మావయ్య భూతద్దం తీశారు. దుకాణం తలుపులు దగ్గరికి వేసి నాతో బయల్దేరారు. మా ఇంట్లో నాలుగు గంటలు కూర్చున్నారు. కబుర్ల మోడ్ పెట్టారు. టైపు చేస్తుంటే ఒక్కో అక్షరం అవతల పడుతుంది. తప్పు కొట్టి చెరిపితే ఆ చెరపడం కూడా కనిపిస్తుంది. అన్నయ్య అవతల ఏం రాయాలో తోచక ఆగితే, ఆ ఆగడం కూడా నాకు కనిపించేది.

ఆ రోజే ఇంకోటి నేర్పారు. కంప్యూటర్ నుంచి రేడియోకు పోయే ధ్వని ఎక్కువైతే రేడియో మీద ఒక ముల్లు లేస్తుంది. మనకేమో ముల్లు లేస్తే సంబరం, బలంగా పోతోందని. మావయ్య నా చేతిని పక్కకు నెట్టి, ముల్లు పడుకునేదాకా ధ్వని నాబ్ తిప్పారు. "అరవకు. అరిస్తే నీ మాటా చెడుతుంది, పక్కవాడి మాటా చెడుతుంది" అన్నారు. ఆ తర్వాత పదహారేళ్లలో ఈ మాట ఎన్నిసార్లు అన్నారో! రేడియో దగ్గరే అనేవారా? మా ఇంట్లో నేనూ మా ఆవిడా గొంతు పెంచుకున్నప్పుడు కూడా గుమ్మంలో నిలబడి, ముల్లు లేస్తోందిరా అనేవారు. మా ఆవిడ ఇప్పటికీ అదే మాటతో నా నోరు మూయిస్తుంది.

రెండో సంగతి మీలో చాలామందికి తెలుసు. పెద్ద గాలివాన వచ్చి మూడు రోజులు ఫోన్లు పడిపోయిన ఏడాది. నది అవతలి ఆసుపత్రికి మందుల జాబితా పంపాలి. క్లబ్బులో ఆరుగురం ఉన్నాం, ఆరుగురివీ ఆరు మాటలు. నేను అందరికన్నా వేగమైన మోడ్ పెడదామన్నాను, మూడు నిమిషాల్లో అయిపోతుందని. మావయ్య మళ్లీ అదే ప్రశ్న వేశారు. ఎవరితో? ఆసుపత్రి కాంపౌండరుతో. ఏం చెప్పాలి? మందుల పేర్లు, ఎన్ని మిల్లీగ్రాములు. "అయితే ఒక్క అంకె తారుమారు కాకూడదు" అని, నత్తలాంటి మోడ్ పెట్టారు. ప్రతి ముక్క పంపి, సరిగా చేరిందా అని అడిగి, చేరకపోతే మళ్లీ పంపే మోడ్. నలభై నిమిషాలు పట్టింది. నేను మూతి ముడుచుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. జాబితాలో అరవై రెండు వరసలు. ఒక్క అక్షరం పోలేదు. ఆ కాంపౌండరు తర్వాత సైకిలు మీద వెతుక్కుంటూ వచ్చి మావయ్య చెయ్యి పట్టుకుని ఏడ్చారు. ఆయన ఇవాళ వచ్చారు, అదిగో, కిటికీ పక్కన నిలబడ్డారు.

ఇదీ మావయ్య. పెట్టె విప్పకముందు మనిషిని అడిగేవారు. మోడ్ పేరు ఎత్తకముందు, ఎవరితో, ఏం చెప్పాలి అని అడిగేవారు. ఈ రెండు ప్రశ్నలూ నేను ఎంతమందికి నేర్పానో లెక్కలేదు. కొత్తవాళ్లు వస్తే బల్ల మీద కూర్చుని, మా గురువుగారి మాట అంటూ ఫోజు కొట్టి మరీ చెప్పేవాణ్ణి.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. అత్తయ్యా, ఇందులో సగం మీకు తెలుసు, సగం తెలియదు.

నిరుడు మావయ్య గొంతుకు ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. చేతులు అంతకు ముందు నుంచే వణుకుతున్నాయి, అందుకే దుకాణం కట్టేశారు. మాట లేదు, మీట కొట్టలేరు. ఇంటికొచ్చిన పది రోజులకు, ఓ ఆదివారం, ఆయనకు రేడియో సర్దిపెడదామని వెళ్లాను. రెండు లిఫ్టు పిలుపుల మధ్య నాకు ఒక గంట ఖాళీ దొరికింది. వెళ్లేటప్పుడే నిర్ణయించేసుకున్నాను. వేళ్లు వణుకుతాయి కాబట్టి టైపు కష్టం. కాబట్టి నొక్కుడు మోడ్.

ఆ మోడ్ గురించి చెప్పాలి. అది చాలా మంచి మోడ్, దాని తప్పేం లేదు. నీరసమైన సిగ్నల్‌ను కూడా పట్టుకుంటుంది. కాకపోతే అందులో మాటలుండవు. ఒకరు పదిహేను సెకన్లు పంపుతారు, ఇంకొకరు వింటారు. మళ్లీ పదిహేను సెకన్లు అటు నుంచి ఇటు. ముందు పేరు, తర్వాత ఊరి గుర్తు, తర్వాత నీ సిగ్నల్ నాకెంత బలంగా వస్తోందో ఒక అంకె, చివర డెబ్భై మూడు. డెబ్భై మూడంటే మా భాషలో, ఉంటాను మరి అని. ఒక్కసారి నొక్కితే చాలు, అన్నీ కంప్యూటరే పంపుతుంది. ఒకటిన్నర నిమిషంలో అయిపోతుంది. గడియారం మాత్రం సెకనుతో సహా సరిగా ఉండాలి. మావయ్య గడియారానికి ఆ దిగులు లేదు కదా.

నేను కేబుళ్లు కలుపుతుంటే మావయ్య పలక తీసుకున్నారు. ఆపరేషన్ తర్వాత దాని మీదే రాసి చూపించేవారు. ఏదో రాయడం మొదలుపెట్టారు. చెయ్యి వణుకుతోంది, బలపం జారుతోంది. మొదటి రెండు అక్షరాలు చూశాను. "ఎవ" అని ఉంది. నాకు టైమైపోతోంది. "నేను చూసుకుంటాగా మావయ్యా, మీరు కూర్చోండి" అని ఆ పలక ఆయన చేతిలోంచి తీసి బల్ల మీద పెట్టాను.

మిత్రులారా, ఆయన ఏం రాయబోయారో నాకు తెలియదా? పదహారేళ్లుగా ఆ ప్రశ్న ఊరంతా చెప్పుకు తిరిగిన నాకు తెలియదా?

ఆ రోజు నుంచి పదకొండు నెలలు, రోజూ పొద్దున ఆరున్నరకు నేను పిలిచేవాణ్ణి, మావయ్య జవాబిచ్చేవారు. నా తెర మీద ఆయన అంకె పడేది. మైనస్ పది, మైనస్ పన్నెండు. మా లెక్కలో సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. నాకు హాయిగా ఉండేది. క్లబ్బులో ఎవరైనా మావయ్య ఎలా ఉన్నారని అడిగితే, బ్రహ్మాండంగా ఉన్నారు, ఇవాళ మైనస్ తొమ్మిది అనేవాణ్ణి. మీరంతా నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ పదకొండు నెలల్లో వాళ్లింటికి ఎన్నిసార్లు వెళ్లాను? మూడుసార్లు. అందులో ఒకటి డాబా మీద వైరు సరిచేయడానికి. కిందికి దిగి చెయ్యి ఊపి వచ్చేశాను. వాళ్లమ్మాయి రెండుసార్లు ఫోన్ చేసింది, నాన్న మిమ్మల్ని ఒకసారి రమ్మంటున్నారని. ఆ అమ్మాయికి నేనేమన్నానో తెలుసా? "రోజూ పొద్దున్నే మాట్లాడుకుంటూనే ఉన్నాం కదమ్మా" అన్నాను.

ఫోన్లో మెసేజ్ పెట్టవచ్చు కదా అంటారేమో. వణికే వేళ్లకు ఆ గాజు మీద అక్షరాలు దొరకవు. పోనీ ఆయనే మోడ్ మార్చుకోవచ్చు కదా అంటారేమో. ఆయనకు తెలియని మోడ్ ఉందా? కానీ ఇందాక చెప్పాను, రెండు చివరలా ఒకటే ఉండాలి. రెండో చివర నేనున్నాను. నేను మార్చలేదు.

పోయిన శనివారం వాళ్లమ్మాయి నన్ను పిలిచి ఒక పుస్తకం చేతికిచ్చింది. పిల్లలు లెక్కలు చేసుకునే గళ్ల పుస్తకం. రోజూ సాయంత్రం నాన్న దీంతో కుస్తీ పట్టేవారండీ, పదాల ఆట అనుకున్నాం అంది. తెరిచి చూశాను. ప్రతి పేజీలో వరసకు పదమూడు గళ్లు, పెన్సిలు గీత కొట్టి ఉన్నాయి. గడికో అక్షరం. ఇంగ్లీషు అక్షరాలు, మాటలు మాత్రం మనవే. పట్టకపోతే కొట్టేసి కింద మళ్లీ రాశారు. మళ్లీ కొట్టేశారు. మళ్లీ రాశారు.

ఆ గళ్లు వేలితో మళ్లీ లెక్కపెట్టాను. పదమూడే ఎందుకో మన రేడియోవాళ్లకు వెంటనే అర్థమవుతుంది, మిగతావాళ్లకు చెబుతాను. ఆ నొక్కుడు మోడ్‌లో చివరి వంతున, డెబ్భై మూడు అనే బదులు, కావాలంటే సొంత మాట ఒకటి పంపుకోవచ్చు. పదమూడు అక్షరాలు. ఖాళీలతో కలిపి పదమూడే. అంతకు మించి ఒక్కటి పట్టదు. ఆ చివరి వంతు మావయ్యది. నా వంతు దానికి ముందే అయిపోతుంది. నా వంతు అవగానే కంప్యూటర్ పలకరింపుల పద్దు పుస్తకంలో రాసేసుకుంటుంది, పని పూర్తయిందని. అది చూసి నేను లేచిపోయేవాణ్ణి. బూట్లు వేసుకునేవాణ్ణి. రోజూ. ఆ చివరి పదిహేను సెకన్లు నా కుర్చీ ఖాళీ.

ఇంటికి పరిగెత్తాను. వచ్చిన ప్రతి ముక్కనూ కంప్యూటర్ ఒక ఫైలులో దాచుకుంటుంది. మనం చూసినా దాచుకుంటుంది, చూడకపోయినా దాచుకుంటుంది. తెరిచాను. అన్నీ ఉన్నాయి. పదకొండు నెలల మాటలు, తేదీతో, సెకనుతో సహా. యంత్రం రోజూ విన్నది. మనిషినైన నేను వినలేదు.

కొన్ని చదువుతాను. అత్తయ్యా, చదవనా?

మొదటి నెలలో ఒకటి, "బాగున్నావా". ఇంకోటి, "అరవకు". నేను ఆ వారం కొత్త కేబుల్ వేశాను, ధ్వని తగ్గించడం మరిచిపోయాను. నవ్వండి, పరవాలేదు. ఆయన నవ్విద్దామనే పంపారు. రెండో నెలలో, "మోడ్ మార్చు". మర్నాడు మళ్లీ, "మోడ్ మార్చు". అలా తొమ్మిది రోజులు వరసగా. పదో రోజు నుంచి అడగడం మానేశారు. ఆ తర్వాత, "టీ తాగుదాం". "అన్నయ్య ఎలా". మా అన్నయ్యకు గుండె బాగోలేదని ఎవరో చెప్పి ఉంటారు. "వాన వచ్చిందా". మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య నాలుగు వీధులు. అక్కడ కురిస్తే ఇక్కడ కురవదా? ఆయనకు వాన కావాలా, మాట కావాలా?

ఎనిమిదో నెలలో, "ఖాళీ ఉంటే రా". గళ్ల పుస్తకంలో ఆ పేజీ చూశాను. ఆ ఒక్క మాట పదమూడు గళ్లలో కుదర్చడానికి ఆరుసార్లు రాసుకున్నారు. తొందరగా రమ్మని రాసిన వరసలున్నాయి, ఒక్కసారి వచ్చిపొమ్మని రాసిన వరసలున్నాయి. అవన్నీ గళ్లు దాటిపోయాయి. వాటిని కొట్టేసి, నా ఖాళీని మన్నించే మాటను ఉంచారు.

మంగళవారం పొద్దున, అంటే పోయేముందు రోజు, పంపింది, "రేపు వస్తావా?" ఆ ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీ, ప్రశ్న గుర్తుతో కలిపి సరిగ్గా పదమూడు. ఆ రోజు నా పద్దు పుస్తకంలో మావయ్య పేరు పక్కన మైనస్ పద్నాలుగు అని ఉంది. కేబుల్ దగ్గర తుప్పు పట్టిందేమో, ఆదివారం చూడాలి అని పక్కన నేనే రాసుకున్నాను.

మాట పోయిన మనిషికి మాటల్లేని మోడ్ పెట్టాను మిత్రులారా. వేళ్లు వణుకుతాయని ఆయన తరఫున నేనే అనుకున్నాను. వణికితే ఏం? ఆ కబుర్ల మోడ్ ఎంతసేపైనా ఆగుతుంది. ఒక్కో అక్షరం నిమిషానికొకటి పడినా అవతలివాడు కూర్చుని చూస్తే చాలు. ఆగలేనిది నేను. కష్టం ఆయన వేళ్లది కాదు, నా తీరికది. ఆయన వణికే చేత్తో పదకొండు నెలలు గళ్లు నింపారు. నేను ఒక గంటలో సర్దిపెట్టి, గురుసేవ చేశానని ఊరంతా చెప్పుకున్నాను. ఈ పాపం నాది. నన్ను ఎవరూ ఓదార్చవద్దు. నిన్న అత్తయ్య ఓదార్చబోయారు, అందుకు ఇంకా సిగ్గేసింది.

మావయ్య పేరు మీద ఏడాదికి ఎక్కువమందిని పలకరించినవాళ్లకు కప్పు పెడదామని మన క్లబ్బులో మాట వచ్చింది. దయచేసి వద్దు. నేను మూడు వందలసార్లకు పైగా మావయ్యను పలకరించాను, పద్దు పుస్తకంలో ఉంది. ఆ లెక్క ప్రకారం ఆ కప్పు నాకే వస్తుంది. ఏదైనా చేయాలనిపిస్తే, ఈ గది తలుపు మీద ఆయన రెండు ప్రశ్నలు రాయిద్దాం. ఎవరికైనా రేడియో సర్దడానికి వెళ్లేవాళ్లు అవి చదువుకుని వెళ్లాలి. అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాలి. పలక మీద రాస్తుంటే ఆ రాత పూర్తయ్యేదాకా ఆగాలి.

మా రేడియోవాళ్లలో ఒకరు పోతే, మీట మౌనమైంది అంటారు. మావయ్య మంగళవారం దాకా మౌనంగా లేరు. ఆ మాట మీ అందరి ఎదుటా చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

ఇక లేవండి. కుర్చీల చప్పుడు కానివ్వకండి, ఫోన్లు కట్టేయండి. కింద వరండాలో ఉన్నవాళ్లు కూడా, లేవగలిగినవాళ్లు లేవండి. ఒక్క నిమిషం. మా లెక్కలో నాలుగు వంతులు, వంతుకు పదిహేను సెకన్లు. మన వంతు మాటలన్నీ అయిపోయాయి, ఇక ఇది వినే వంతు. గడియారం నేను చూస్తాను. ఎవరూ ముందుగా కదలవద్దు. చివరి పదిహేను సెకన్లు కూడా ఉందాం.